మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కిన హార్వర్డ్ విద్యార్థి



పోయినసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మీలో చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడిగారు. ప్రోగ్రెస్ రిపోర్ట్ మీద సంతకం పెట్టేశాక కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, పక్కన కూర్చున్న పిల్లాడికి వినపడకుండా గొంతు తగ్గించి మరీ అడిగారు. మావాడికి ఐఐటీ వచ్చే ఛాన్స్ ఎంత ఉంటుంది మేడమ్ అని కొందరు, నీట్ రాయిస్తే సీటు వస్తుందా అని కొందరు. అమెరికాలో బంధువులున్న ఒకాయన హార్వర్డ్ లాంటి చోట మన నౌపడ పిల్లలకు అసలు అవకాశం ఉంటుందా అని అడిగారు. నవ్వుతూ అడిగినా ఆ ప్రశ్న వెనక నవ్వు లేదని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు నాకు తెలిసిన అంకెలే చెప్పాను. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు సుమారు 14 లక్షల మంది. వాళ్ళలో అడ్వాన్స్‌డ్ దాకా వెళ్ళి రాసినవాళ్ళు 1 లక్షా 80 వేలు. ఐఐటీలన్నింటిలో కలిపి ఉన్న సీట్లు 17,740. హార్వర్డ్ అయితే 2024లో దరఖాస్తు చేసిన ప్రతి వందమందిలో నలుగురిని కూడా తీసుకోలేదు. ఇవన్నీ నిజమే. కానీ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే సరైన జవాబు చెప్పలేదనే అనిపించింది. వందలో నలుగురు అన్నది వందమంది సంగతి. మీరు అడిగింది మీ ఒక్క బిడ్డ సంగతి.

అందుకే ఈ నెల నాకు ఇచ్చిన పేజీలో ఒక మనిషి జీవితం చెబుతాను. ఆయన వందేళ్ళ కిందట హార్వర్డ్‌కు వెళ్ళిన తెలుగువాడు. ఆ రోజుల్లో ఎవరైనా ఆయన ఛాన్స్ లెక్కగట్టి ఉంటే సున్నా పక్కన ఇంకో సున్నా వేసి ఊరుకునేవారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మీలో కొందరికి ఈ పేరు తెలిసే ఉంటుంది. తెలియకపోయినా, ఆయన చేసిన పని మీ ఇంట్లోకి ఏదో ఒక రోజు వచ్చే ఉంటుంది. అదెలాగో చివర్లో చెబుతాను.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ఉద్యోగం ముందే మానుకున్నారు. తల్లి వెంకమ్మ. పిల్లలు ఏడుగురు. ఉద్యోగం లేని తండ్రి, ఏడుగురు పిల్లలు అంటే ఆ ఇల్లు ఎలా నడిచి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పదమూడేళ్ళ వయసులో ఈ అబ్బాయి ఇంట్లోంచి పారిపోయాడు. సినిమా కోసమో, తిట్టారనో కాదు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే బాగా డబ్బు వస్తుందని లెక్క వేసుకున్నాడు. మధ్యలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తల్లి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. ఇప్పుడు చదువుతుంటే ముచ్చటగా ఉంది గానీ, మా క్లాసులో ఒక పిల్లాడు ఇలా చేసి ఉంటే స్టాఫ్ రూమ్‌లో మేం ఏమని చెప్పుకునేవాళ్ళమో నాకు బాగా తెలుసు.

రాజమండ్రిలో చదువు సాగలేదు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జబ్బులు, చావులు. మెట్రిక్యులేషన్ తప్పాడు. రెండోసారీ తప్పాడు. 1913లో తండ్రి పోయారు. ఆఖరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో పాసయ్యాడు. మెట్రిక్ అంటే ఇప్పటి మన పదో తరగతితో సమానం అనుకోండి. సప్లిమెంటరీ కూడా తప్పి ఇంకోసారి రాసిన పిల్లాడన్నమాట.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి కథలు వాట్సాప్‌లో మనకు రోజుకొకటి వస్తుంటాయి. ఫెయిలైతేనేం, ఐన్‌స్టీన్ ఫెయిలవలేదా అని. అందులో ఐన్‌స్టీన్ సంగతి నిజం కాదు, ఆయన లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదు. సుబ్బారావు తప్పడం మాత్రం నిజమే. కానీ ఆయన తప్పినందువల్ల గొప్పవాడు కాలేదు. మూడుసార్లు మెట్రిక్ రాసిన మిగతావాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఈ కథ చూపించి పిల్లలకు మార్కులు అక్కర్లేదని చెప్పే ధైర్యం నాకు లేదు, మీరూ చెప్పకండి. నేను చూస్తున్నది వేరే విషయం. ఆ రెండు వైఫల్యాల సమయంలో ఇంట్లో ఏం జరుగుతోందో మార్కుల జాబితాలో ఎక్కడా ఉండదు. ఆ జాబితా ఒక్కటే నా చేతికి ఇస్తే నేనూ ఆయన్ని ఆఖరి సెక్షన్‌లోనే వేసేదాన్ని.

మెట్రిక్ అయ్యాక ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చేశారు. లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. అందరూ లెక్కల వైపు వెళ్తారనుకుంటే ఆయన మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. అమ్మ అనుమతి లేకుండా కుదరదని, డాక్టరీ చదివితే సేవ చేసే దారి అదే దొరుకుతుందని మఠంలోని పెద్దలు నచ్చజెప్పారట. అలా 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అంటే ఆయన డాక్టరు కోర్సు ఎంచుకున్నది కెరీర్ కౌన్సెలింగ్ వల్ల కాదు, జీతం చూసి అంతకన్నా కాదు. సన్యాసానికీ అమ్మ మాటకీ మధ్య కుదిరిన రాజీ అది. మన ఇళ్ళలో ఎంపీసీనా బైపీసీనా అనే నిర్ణయం ఎంత పెద్ద యుద్ధమో గుర్తు తెచ్చుకుని ఇది చదవండి.

ఫీజు ఎవరు కట్టారన్నది మీకు ముఖ్యమైన ప్రశ్నే. స్నేహితులు కొంత సాయం చేశారు. మిగతాది అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు భరించారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో సుబ్బారావు పెళ్ళి జరిగింది. మన దగ్గర ఇది కొత్త సంగతి కాదు. అల్లుడి చదువుకు మామగారు పెట్టుబడి పెట్టడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ పేరు మార్చుకుని ఉంది. శేషగిరి అనే పేరు మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అది గాంధీగారు విదేశీ బట్టలు వదిలేయమన్న కాలం. సుబ్బారావు ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి సుబ్బారావు చేతికి వచ్చింది ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్.

మనం సర్టిఫికెట్‌ను ఎంత నమ్ముతామో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ కాగితం మీద ఉన్న తేడా ఆయన వైద్య జ్ఞానంలోని తేడా కాదు, చొక్కా గుడ్డలోని తేడా. కానీ తర్వాత దాన్ని చూసినవాళ్ళకు అది ఎలా తెలుస్తుంది? మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నించారు, రాలేదు. హార్వర్డ్‌లో కూడా ఈ కాగితం ఆయన్ని చాలాకాలం వెంటాడింది.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. అప్పటికి దానికి మందు లేదు. ఆ జబ్బే సుబ్బారావుకూ వచ్చింది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత అదే లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఇంగ్లిష్ వైద్యం చదివిన మనిషి ఆయుర్వేద కాలేజీలో లెక్చరర్. తోటివాళ్ళు కొందరు నవ్వుకునే ఉంటారు. ఆయన మాత్రం ఆ మందులు ఎందుకు పనిచేస్తున్నాయో తెలుసుకోవాలని పట్టుబట్టారు. తన్ను బతికించింది ఏమిటి, తన అన్నదమ్ముల్ని చంపింది ఏమిటి? ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ అడగరు.

ఆ రోజుల్లోనే రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మన దేశానికి వచ్చిన ఒక అమెరికన్ డాక్టరు ఆయనకు తారసపడ్డారు. పరిశోధన చేయాలంటే అమెరికా రమ్మన్నది ఆయనే. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయం ఒకటి ఉండేది. మలేరియా, బోదకాలు, స్ప్రూ లాంటి మన వైపు జబ్బుల్ని అధ్యయనం చేసే చోటు. సుబ్బారావుకు సరిగ్గా కావలసింది అదే.

మీరు అడిగిన ఛాన్స్ సంగతి ఇక్కడికి వచ్చింది. ఒక్కసారి ఆయన దరఖాస్తు మీ ముందు పెట్టుకుని చూడండి. రెండుసార్లు మెట్రిక్ తప్పిన మార్కుల చరిత్ర. పూర్తి డిగ్రీ కాని సర్టిఫికెట్. ఆయుర్వేద కాలేజీలో ఉద్యోగం. చేతిలో డబ్బు లేదు. పరిచయాల్లో పెద్దవాళ్ళు లేరు. అయినా చేర్చుకున్నారు. ఆ విద్యాలయానికి అధిపతి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్, స్వయంగా ఉష్ణదేశాల్లో పనిచేసిన మనిషి. ఆ జబ్బుల మధ్య పుట్టి, వాటి చేతిలో అన్నదమ్ముల్ని పోగొట్టుకుని, తానూ ఆ మంచం మీద పడుకుని లేచి వచ్చిన డాక్టరు బోస్టన్‌లో ఎంతమంది దొరుకుతారు? మార్కుల వరుసలో ఆయన చివరన ఉండొచ్చు, కానీ ఈ వరుసలో ఆయన ముందు నిలబడేవాళ్ళు చాలా తక్కువ. ఇది నా ఊహే అనుకోండి. ఇప్పటికీ పెద్ద అమెరికన్ యూనివర్సిటీలు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా మార్కులతో పాటు పిల్లలు సొంతంగా రాసిన వ్యాసాలూ టీచర్ల ఉత్తరాలూ అడుగుతాయి. ఆ వ్యాసాన్ని ఎవరో ఏజెంటు చేత డబ్బిచ్చి రాయించేవాళ్ళున్నారని మీకూ తెలుసు. సుబ్బారావు వ్యాసాన్ని ఏ ఏజెంటు రాయగలడు చెప్పండి!

సీటు వచ్చింది సరే, డబ్బు? కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఉంది. ఆయన కోరంగి ప్రాంతం నుంచి బర్మా వెళ్ళి, రంగూన్‌లో వ్యాపారం చేసి సంపాదించి, ఆ ఆస్తిని చదువులకూ దానధర్మాలకూ రాసిచ్చిన మనిషి. మన తీరం నుంచి కూడా రంగూన్‌కు ఓడలెక్కి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. మీ తాతల కాలంలో ఎవరైనా ఉంటే ఇంట్లో అడిగి చూడండి. ఆ రంగూన్ డబ్బు కొంత సాయం చేస్తానంది. మిగతాది మళ్ళీ అనపర్తి మామగారే.

మూడేళ్ళలో తిరిగి వస్తానని శేషగిరికి మాట ఇచ్చి ఓడ ఎక్కారు. అప్పటికి ఆమె గర్భవతి.

బోస్టన్‌లో దిగేసరికి చలికాలం ముంగిట ఉంది. సీటు ఉంది గానీ స్కాలర్‌షిప్ లేదు. స్ట్రాంగ్ ఆదుకున్నారు. ఎంబీబీఎస్ కాదు గనుక అక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా పని చేయనివ్వరు. అందుకని పక్కనే ఉన్న పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేరారు. రోగుల బెడ్‌పాన్లు తీసి కడిగే పని. సన్యాసం తీసుకోబోయి తల్లి మాటకు ఆగిన, డాక్టరీ చదివిన మనిషి. పగలు హార్వర్డ్ క్లాసు, రాత్రి ఆ పని.

మీ పిల్లలు విదేశానికి వెళ్తే గ్యాస్ స్టేషన్‌లోనో హోటల్‌లోనో పని చేయాల్సి వస్తుందేమో అని బాధపడే అమ్మలు కొందరు నాకు తెలుసు. ఫోటోల్లో హార్వర్డ్ ఎర్ర ఇటుకల భవనాలే కనిపిస్తాయి, బెడ్‌పాన్లు కనపడవు. అవి కూడా అడ్మిషన్‌లో భాగమేనని మనం పిల్లలకు ముందే చెప్పడం లేదు. ఇప్పుడు హార్వర్డ్ విదేశీ విద్యార్థులకు కూడా ఫీజు కట్టే స్తోమత చూడకుండానే సీటు ఇస్తుంది, అవసరమైతే సాయం చేస్తుంది. ఆ సౌకర్యం అన్ని యూనివర్సిటీల్లోనూ ఉండదు. దరఖాస్తు పెట్టేముందు ఏ యూనివర్సిటీ పద్ధతి ఏమిటో తప్పకుండా చూడండి.

డిప్లొమా అయ్యాక సుబ్బారావు అదే హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీ శాఖలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రకటించారు. ద్రావణం నీలం రంగుకు తిరుగుతుంది, ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫరస్. వినడానికి చాలా చిన్న పనిలా ఉంటుంది. కానీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని వందేళ్ళ తర్వాత కూడా నేర్చుకుంటున్నారు.

ఆ కొలత చేతికి వచ్చాక కండరాల్లోకి తొంగిచూశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న విషయంలో అప్పటిదాకా నోబెల్ బహుమతి కూడా అందుకున్న ఒక సిద్ధాంతం ఉండేది. ఈ రెండు పదార్థాలూ దాన్ని కుదిపేశాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనిపెట్టారు. మీ పిల్లల పదో తరగతి పుస్తకంలో శ్వాసక్రియ పాఠం తీయండి, ఏటీపీ అన్న మూడు అక్షరాలు కనపడతాయి. పిల్లలు దాన్ని శక్తి కరెన్సీ అని బట్టీ పడతారు. భీమవరం అబ్బాయి పేరు ఆ పేజీలో వెతికితే దొరకదు.

1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ వచ్చింది. ఇక స్థిరపడిపోవాలి కదా! అలా జరగలేదు. ఇంకో పదేళ్ళు అక్కడే పనిచేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వతమైన అధ్యాపక ఉద్యోగం ఇవ్వలేదు. తన గురించి తాను చెప్పుకునే అలవాటు ఆయనకు మొదటి నుంచీ లేదు, పేరు వేరేవాళ్ళకు పోతున్నా అడ్డుపడేవారు కాదని ఆయన్ని ఎరిగినవాళ్ళు అంటారు. ఈ గుణాన్ని పొగడాలో వద్దో నాకు ఇప్పటికీ తేలలేదు. నా విద్యార్థుల్లో ఇలాంటి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. చేతులెత్తరు, జవాబు తెలిసినా పక్కవాడికి చెప్పి వాడి చేత చెప్పిస్తారు. వాళ్ళను చూస్తే సంతోషం కంటే కంగారే ఎక్కువగా వస్తుంది.

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే అనే మందుల కంపెనీలో చేరారు. త్వరలోనే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. మందుల కంపెనీ అనగానే మనకు చిన్నచూపు ఉంటుంది, యూనివర్సిటీ ప్రొఫెసర్ అంటే ఉండే గౌరవం వేరు. సుబ్బారావు జీవితంలో మాత్రం అసలు పని జరిగింది ఆ పెద్ద పేరున్న యూనివర్సిటీ నుంచి బయటపడ్డాకే. ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసిన పని చూడండి.

1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. ఇది బి విటమిన్లలో ఒకటి. ఇది తక్కువైతే రక్తం పట్టదు. దీనితో నయమయ్యే జబ్బుల్లో ఒకటి స్ప్రూ. అవును, అన్ననూ తమ్ముణ్ణీ తీసుకుపోయిన అదే స్ప్రూ. మద్రాసులో మొదలైన ప్రశ్నకు పాతికేళ్ళ తర్వాత పెర్ల్ రివర్‌లో జవాబు దొరికింది. ఇప్పుడు మన పీహెచ్‌సీల్లో గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ యాసిడే.

ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా ఆ బృందం తయారుచేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. అది శాశ్వతమైన నయం కాదు. కానీ అంతకుముందు ఆ జబ్బుకు మందు అన్నదే లేదు. ఫార్బర్ పనిచేసిన పిల్లల ఆసుపత్రి, సుబ్బారావు రాత్రుళ్ళు బెడ్‌పాన్లు కడిగిన ఆసుపత్రి, ఉద్యోగం ఖాయం చేయని హార్వర్డ్ మెడికల్ స్కూలు, మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. తర్వాత అదే కుటుంబం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఈ రోజుకీ క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అక్కడి నుంచే వచ్చింది. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో అదే మొదటిది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్నది డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త, సుబ్బారావు విభాగంలోనే. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషికి ఆ చోటు దొరకడం కూడా నాకు నచ్చిన విషయం.

ఇంత చెప్పి, అనపర్తిలో ఏం జరిగిందో చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే అవుతుంది. శేషగిరికి కొడుకు పుట్టాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. ఏడాది నిండకుండానే బిడ్డ పోయాడు. మూడేళ్ళు గడిచాయి, ఆయన రాలేదు. పదేళ్ళు గడిచాయి, రాలేదు. సుబ్బారావు మళ్ళీ ఇండియాలో అడుగుపెట్టలేదు. 1948 ఆగస్టులో, మన స్వాతంత్ర్యానికి ఏడాది నిండుతున్న రోజుల్లో, పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. అమెరికాలో పాతికేళ్ళు బతికినా అక్కడి పౌరసత్వం పుచ్చుకోలేదు. ఈ దేశం మనిషిగానే పోయారు, ఈ దేశం చూడకుండా పోయారు.

ఆయన గురించి రాసినవాళ్ళు చాలామంది శేషగిరి గారి సంగతి రెండు వాక్యాల్లో దాటేస్తారు. నేనూ అంతకన్నా ఎక్కువ రాయలేకపోతున్నాను, ఎందుకంటే ఆమె ఆ ఏళ్ళన్నీ ఎలా గడిపారో పుస్తకాల్లో పెద్దగా లేదు. హార్వర్డ్ సీటుకు ఖరీదు కట్టింది ఆమె తండ్రి. అసలు ఖరీదు కట్టింది ఆమె. మీలో కొందరి పిల్లలు దూరం వెళ్తారు. నిజంగానే వెళ్తారు, వాళ్ళ మార్కులు నేను చూస్తున్నాను. వెళ్ళేటప్పుడు ఎవరికి ఏ మాట ఇచ్చి వెళ్తున్నారో, అది నిలుపుకోగలరో లేదో కూడా ఆ ఫీజుల లెక్కతో పాటే ఒకసారి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఆ మీటింగ్‌లో హార్వర్డ్ గురించి అడిగిన నాన్నగారికి ఇప్పుడు నా జవాబు. మీ అబ్బాయి ఛాన్స్ ఎంతో నేను చెప్పలేను, చెప్పగలనన్న వాళ్ళకు డబ్బు కట్టకండి. నాకు తెలిసింది ఇది. మీ అబ్బాయి పోయిన ఏడాది మన ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళ కాళ్ళ పగుళ్ళ గురించి సైన్స్ ఫెయిర్‌కు ప్రాజెక్టు చేస్తానన్నాడు. దానికి మార్కులు తక్కువ వస్తాయని మీరూ నేనూ కలిసి మాన్పించి థర్మాకోల్ అగ్నిపర్వతం చేయించాం. అందులో సగం తప్పు నాది. ఈ ఏడాది వాడు మళ్ళీ అడిగితే నేను అడ్డుపడను. అది వాడిని ఎక్కడికైనా తీసుకెళ్తుందని మాత్రం మాట ఇవ్వలేను.

ఇక మీ ఇంట్లోకి వచ్చిన సుబ్బారావు గారి సంగతి. మన శ్రీకాకుళం జిల్లాలో బోదకాలు ఎంత మామూలు జబ్బో మీకు తెలుసు. మా ఇంట్లో నాయనమ్మ కాలు చూస్తూ పెరిగాను నేను. ఏడాదికోసారి ఏఎన్ఎం గారూ ఆశా కార్యకర్తా ఇంటింటికీ తిరిగి మాత్రలు ఇచ్చేవారు గుర్తుందా? ఖాళీ కడుపుతో వేసుకోవద్దని, తమ ముందే మింగాలని పట్టుబట్టేవారు. రెండేళ్ళు దాటిన పిల్లలకు ఒకటి, ఆరు దాటితే రెండు, పదిహేను దాటిన వాళ్ళకు మూడు. గర్భిణులకూ బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకూ ఇచ్చేవారు కాదు. చాలామంది చేతిలో పెట్టుకుని, తర్వాత వేసుకుంటామని చెప్పి దొడ్లో పడేసేవారు.

ఆల్బెండజోల్‌తో పాటు ఇచ్చే ఆ మాత్ర పేరు డీఈసీ. 1947లో దాన్ని హెట్రజాన్ అనే పేరుతో బయటికి తెచ్చింది పెర్ల్ రివర్‌లోని సుబ్బారావు బృందమే. మళ్ళీ మాత్రలు పంచడానికి వస్తే, వాళ్ళ ముందే మింగండి.